కొండ సొమ్ములో ఊరి పాలు

మా అక్క ఊరి బడి మూతపడే దాకా వచ్చిందంటే అందులో కొండ తవ్వినవాళ్ళ పాపం కొంత, పైవాళ్ళ పాపం కొంత ఉంటే ఉండొచ్చు. పెద్ద వాటా మాత్రం ఒక ఎనుముది, కొన్నివైపుల గేదె అంటారే, దానిది. ఆ ఎనుము పుట్టింది నా కలంలో.

బెంగళూరు పక్కన జిగణి దాటి కొంత దూరం పోతే అక్క మెట్టినూరు వస్తుంది. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం మాట్లాడే ఊరు. ఊరికి తూర్పున కొండ ఉండేది. అక్క పెళ్ళినాడు ఆ కొండ మీదికి సూర్యుడు ఎక్కి రావడం ఆలస్యమై ముహూర్తమే దాటిపోయిందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. ఇప్పుడు కొండ లేదు, గుంత ఉంది. అంచున నిలబడి తొంగిచూస్తే భూమికి అవతలి వైపు వాళ్ళు మనల్ని చూసి చెయ్యూపుతారు. కొండంతా జల్లిరాయిగా, అంటే కంకరగా మారి, లారీలెక్కి, సర్జాపుర రోడ్డు మీది అపార్ట్‌మెంట్లలో చేరింది. పన్నెండో అంతస్తు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగేవాళ్ళలో సగంమంది మా అక్క ఊరి కొండ మీదే కూర్చుని తాగుతున్నారు, వాళ్ళకు తెలియదంతే.

తీసిన ప్రతి లోడుకూ రాష్ట్రానికి రాయల్టీ కట్టాలి. అమ్మేటప్పుడు పడే పన్నులో కేంద్రానికి ఒక పాలు, రాష్ట్రానికి ఒక పాలు. క్వారీల వల్ల దెబ్బతిన్న ఊళ్ళకోసమని జిల్లా పేరున ఒక నిధి, దానికీ కొంత. పైకి పోయే దారులు ఇన్ని ఉన్నాయి గదా, కిందికి వచ్చే దారి ఏదని అడిగితే మాత్రం అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

బడి రెండు గదులు. ముప్పయ్యొక్క మంది పిల్లలు, ఒక టీచరమ్మ. క్వారీలో పేలుళ్ళ దెబ్బకు కొండ వైపు గోడ పగిలింది. గోడ పగిలింది కాబట్టి బడి ప్రమాదకరం, ప్రమాదకరం కాబట్టి జూన్ నుంచి దీన్ని రోడ్డవతలి పెద్ద స్కూల్లో కలిపేస్తామని కాగితం వచ్చింది. చూడ్డానికి సబబుగానే ఉంది. మధ్యలో ఉన్న రోడ్డుతోనే చిక్కు. జల్లి లారీలు తిరిగే రోడ్డు అది. బ్రేకు అనేది డ్రైవరు మనసులో పుట్టి కాలి దాకా వచ్చేలోగా లారీ పక్క తాలూకాలో ఉంటుంది. ఆ ఊరి కోళ్ళు కూడా రోడ్డు దాటే ముందు ఆంజనేయుడికి మొక్కుకుంటాయి. పోయినేడు టీచరమ్మ స్కూటర్ని ఒక లారీ రాసుకుంటూ పోయింది. ఆవిడ బతికింది, స్కూటరు బతకలేదు. ఇందులో నేను పెంచి చెప్పింది ఏమీ లేదు.

అక్క ఆ ఊరి పంచాయతీ మెంబరు. బెంగళూరు చామరాజపేటలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"రేయ్, నువ్వు పేపర్లకి రాస్తావు గదా. ఒక అర్జీ రాసియ్యి. గోడ పగిలినాది, జిల్లా నిధిలోంచి కొత్త గోడ కట్టియ్యండి అని. అంతే. సుమ్నే, ఊరికే పురాణాలు రాయొద్దు."

నేను పురాణం రాయలేదు. రెండు పేజీలే రాశాను, మంచి కన్నడంలో. కాకపోతే రెండో పేజీలో, పగులు ఎంత ఉందో చెప్పాల్సిన చోట, చెయ్యి ఆగలేదు. 'ఈ పగులులో ఒక ఎనుము ఇటువైపు దూరితే అటువైపు తేలుతుంది, దూడతో సహా' అని రాశాను. అక్క కన్నడం మాట్లాడుతుంది గాని చదవడం నిదానం. నామీద నమ్మకంతో సంతకం పెట్టేసింది.

పది రోజులకు ఒక ఇంజనీరు టేపు పట్టుకుని దిగాడు. పాతికేళ్ళ కుర్రాడు, అద్దాలు, చేతిలో అర్జీ. ఊరంతా చుట్టూ చేరింది. పగులు కొలిచాడు. రెండు వేళ్ళ వెడల్పు. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ రెండు వేళ్ళే. అప్పుడు అర్జీ తీసి గట్టిగా చదివాడు. ఫైలు మీద 'వాస్తవ విరుద్ధం' అని రాసి పోయాడు.

ఆ సాయంత్రం అక్క ఫోన్.

"ఎనుము యాడుండాదమ్మా అని అడిగినాడ్రా, అందరి ముందర. ఏం చూపిచ్చేది? నిన్ను చూపిద్దామంటే నువ్వు చామరాజపేటలో ఉండావు."

"అక్కా, అది అలంకారం..."

"అలంకారం చేసినావు. బడికి పాడె అలంకారం చేసినావు." ఫోన్ పెట్టేసింది. మా అక్క ఫోన్ పెట్టేస్తే చామరాజపేటలో కరెంటు పోతుంది. ఆ రోజు నిజంగానే పోయింది.

నెల రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు ఒకే విషయం చెప్పింది. గనుల మీద, రాళ్ళ మీద వచ్చే పన్నును దేశమూ రాష్ట్రాలూ ఎలా పంచుకోవాలో తేల్చడానికి ఒక పెద్ద కమిటీ బెంగళూరు వస్తోంది. దెబ్బతిన్న ఊళ్ళ నుంచి కూడా కొందరిని మాట్లాడిస్తారట. వాళ్ళ ఊరి తరఫున ఆవిడకు మూడు నిమిషాలు ఇచ్చారు. బడి మాట పైవాళ్ళ చెవిన పడాలంటే ఇదే ఆఖరి దారి.

"నువ్వు రావాల," అంది. "ఆ ఇంగిలీషు వాళ్ళు ఏమంటాండారో చెవులో చెప్తావుండాల. నోరు మాత్రం తెరవగూడదు. తెరిచినావో, నాకు తమ్ముడు లేడనుకుంటా."

మార్చిలో ఒక మంగళవారం. పదకొండుకు విచారణ. ముందురోజే నేను అక్క ఇంటికి చేరాను, ఎనిమిదికే ఇద్దరం జిగణిలో బెంగళూరు బస్సెక్కాం. మాకు ముందు ఒక జల్లి లారీ, దాని ముందు ఇంకొకటి. రెండూ కలిసి మమ్మల్ని ఊరేగింపుగా తీసుకుపోయాయి. సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగామంటే, పక్కన నిలబడ్డ క్యాబ్ డ్రైవరుకు ఈలోగా పెళ్ళయిపోయింది. అక్క ఒళ్ళో కాగితం పెట్టుకుని పెదాలు కదుపుతూ ఉంది. తొమ్మిదిన్నర. పది. పది ఇరవై. కాగితం అంచు చెమటకు తడిసిపోయింది. బస్సు దిగి ఆటో ఎక్కి, ఆటో దిగి పరిగెత్తి, పదకొండుకు అయిదు నిమిషాలుండగా హాల్లో పడ్డాం.

ఏసీ హాలు. చలి ఎంతంటే, ముందు వరసలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల మీసాల మీద మంచు పేరుకుంది. వేదిక మీద అయిదుగురు. మధ్యలో చైర్‌పర్సన్, అరవై దాటిన ఒక మేడమ్.

మొదట ఢిల్లీ నుంచి వచ్చిన ఒక అధికారి లేచాడు. నేను అక్క చెవిలో తెలుగు చేస్తూ పోయాను. భూమిలో ఉన్నది దేశమంతటిదీ అన్నాడు. ఇనుము, బొగ్గు ఒకచోట ఉంటాయి, వాటితో నడిచే రైలు ఇంకోచోట ఉంటుంది, కాపలా కాసే సైనికుడు మంచులో ఎక్కడో ఉంటాడు అన్నాడు. గని లేని రాష్ట్రం ఏం పాపం చేసిందని అడిగాడు. ప్రతి రాష్ట్రమూ తనిష్టమొచ్చినట్టు పన్ను వేస్తే ఫ్యాక్టరీలు ఎట్లా బతుకుతాయని గ్లాసెడు నీళ్ళు తాగాడు.

తర్వాత రాష్ట్రం తరఫు ఆఫీసరు లేచాడు. కొండ మాది, దుమ్ము మాది, గుంతలు పడిన రోడ్డు మాది అన్నాడు. రేటు మాత్రం మీరు కూర్చుని వేస్తారా, మా నేల మీద పన్ను మేం వేసుకుంటాం అని బల్ల గుద్దాడు. ఆ గుద్దుడుకు వేదిక మీది పూలకుండీ ఢిల్లీ వైపు రెండంగుళాలు జరిగింది. హాలు సగం చప్పట్లు కొట్టింది.

అక్క నా చెవిలో అంది. "ఇద్దురూ బాగా చెప్పినారు. ఎవురింటి ముందర పరిచి పంచుకుంటాండారో ఆ ఇంటివాళ్ళనే పిల్చలేదే."

"నిన్ను పిలిచారు గదక్కా."

"మూడు నిమిషాలకి."

పేరు పిలిచారు. అక్క లేచింది. ఏ భాషలో మాట్లాడతారని అడిగితే, కన్నడమైనా సరే తెలుగైనా సరే అంది. మేడమ్ నవ్వింది. "తెలుగులోనే చెప్పండమ్మా. మాది నల్గొండ వైపు. వీళ్ళకు నేను చెబుతాను."

మైకు దగ్గర అక్క కాగితం విప్పింది. తడికి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. అక్క ఒక్క క్షణం దానివైపు చూసి, మడిచి, కొంగులో దోపుకుంది.

"మేడమ్, నేను కోడలుగా వచ్చినప్పుడు మా ఇంట్లో రాగులు పండేవి. కళ్ళంలో తూర్పారబట్టి రాశి పోస్తాం గదా. రాశి ఇంటికి రాకముందరే, ఆ కళ్ళంలోనే, మా మామ మేర కొలిచేవాడు. చాకలాయనకి, కుమ్మరాయనకి, మడక చేసే వడ్లాయనకి, నీళ్ళు వదిలే ఆయనకి. ఎవురి మేర వాళ్ళకి. ఇంటికి తీసకపొయ్యి గాదెలో పోసి, తర్వాత మీరొచ్చి అడగండి, చూసి ఇస్తాం అనేది లేదు. ఎందుకంటే గాదెలో పడినాక ఎవురికీ చెయ్యి రాదు. మా కొండ రాశి నేరుగా గాదెకి పోతాండాది మేడమ్. కొంత బెంగళూరు గాదె, కొంత ఢిల్లీ గాదె. మా ఊరి మేర కళ్ళంలోనే కొలవండి. మా బడి గోడ పగిలినాది. జూన్‌లో మూసేస్తారంట. పిల్లకాయలు లారీల రోడ్డు దాటాల. అదే నేను చెప్పేది."

మేడమ్ పక్కవాళ్ళకు ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత కళ్ళద్దాలు తీసి అక్కను చూసింది.

"అమ్మా, బాగా చెప్పారు. కాని ఒక మాట. మేర తీసుకునే వాళ్ళకు పొలం ఉండేదా?"

"లేదు మేడమ్."

"పొలం లేకపోయినా పాలు ఉండేది. మరి కొండ లేని ఊరికి, గని లేని రాష్ట్రానికి కూడా పాలు ఉండాలనేగా మీ లెక్క? ఆ ఢిల్లీ సారు అడిగింది కూడా అదే."

ఢిల్లీ అధికారి ముఖం వెలిగింది. అక్క మైకు తీగను వేలికి చుట్టుకుంది. మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. నా నాలుక కింద అప్పటికే పదకొండు అబద్ధాలు బారులు తీరి నిలబడ్డాయి, ఒక్కొక్కటీ ఏనుగంత. నేను పెదవి కొరికి కూర్చున్నాను.

"ఉండాల మేడమ్," అంది అక్క చివరికి. "కాదనను. మా క్వారీలో పని చేసేవాళ్ళు అనంతపురం నుంచి వచ్చినారు, వాళ్ళ ఊళ్ళో కొండా లేదు, వానా లేదు. వాళ్ళకీ పాలు ఉండాల్సిందే. కానీ మేర కన్నా ముందర ఇంకొకటి ఉండాది. విత్తనాలు. రాశిలోంచి మొదట విత్తనాలు తీసి పక్కన పెడతాం. అది ఎవురి పాలూ కాదు, ఆ నేల పాలు. రాగులైతే మళ్ళా పండుతాయి. కొండ మళ్ళా పండదు గదా. మరి ఆ విత్తనం లెక్క మీరు ఎట్ల కడతారో నాకు తెలీదు. మీరు చదువుకున్నోళ్ళు."

'ఆ పిల్లలే మా విత్తనం' అని నేనైతే అక్కడ ఒక మాట తగిలించి, హాలంతా ఏడిపించి, చివర్లో నేనూ ఏడ్చేవాణ్ణి. అక్క అనలేదు. మైకు దగ్గరే నిలబడింది.

మేడమ్ ఏదో రాసుకుంది. అప్పుడే రాష్ట్రం ఆఫీసరు లేచాడు. చేతిలో ఒక ఫైలు. దాని అట్ట మీద అక్క ఊరి పేరు ఉంది.

"మేడమ్, ఈ ఊరి అర్జీ మా దగ్గర ఉంది," అన్నాడు. "తనిఖీ చేయించాం. అబద్ధమని తేలింది. గోడ పగులులో బఫెలో దూరుతుందని రాశారు, విత్ కాఫ్. ఇలాంటి వాళ్ళ మాట మీద నిధులు ఎలా పంచుతాం?"

హాలు గొల్లున నవ్వింది. ఢిల్లీ అధికారి కూడా నవ్వాడు. ఆ ఉదయం దేశమూ రాష్ట్రమూ ఒక్కటైన సందర్భం అదొక్కటే.

అక్క నావైపు తిరగలేదు. మెడ మాత్రం ఎర్రబడింది. అబద్ధమాడిన మనిషిగా ఆవిడే నిలబడి ఉంది అక్కడ.

నేను లేచాను. నోరు తెరిస్తే తమ్ముడు లేడనుకుంటానంది. తెరవకపోతే నిజంగానే ఉండకూడదు.

"మేడమ్, ఆ ఎనుము నాది," అన్నాను. "అర్జీ రాసింది నేను. మా అక్క చదవకుండా సంతకం పెట్టింది. పగులు రెండు వేళ్ళు. నా చిటికెన వేలు, దాని పక్క వేలు. అంతకన్నా వెంట్రుక కూడా ఎక్కువ లేదు."

ఒక్కమాట పెంచకుండా అన్ని వాక్యాలు వరసగా మాట్లాడ్డం నా బతుకులో అదే మొదలు.

మేడమ్ నవ్వలేదు. ఆఫీసరు వైపు చూసింది. "పిల్లలు కూర్చునే గదిలో రెండు వేళ్ళ పగులు మీకు చాలదా? ఎనుము దూరేదాకా ఆగాలా?" తర్వాత అక్కతో అంది: "పంపకం సంగతి మేం సలహా ఇస్తామంతే, తేల్చేది పైవాళ్ళు, ఎప్పుడో చెప్పలేను. ఈ గోడ సంగతి మాత్రం మళ్ళీ తనిఖీ చేయించమని రాస్తాను. గోడ వస్తుందని మాట ఇవ్వలేను."

తిరుగు బస్సులో అక్క జిగణి దాకా టికెట్లు మడతపెడుతూ కూర్చుంది. దిగేముందు మాత్రం, "చిటికెన వేలు అన్నావే, అది సన్నం. ఉంగరం వేలు, నడిమి వేలు అనాల్సింది," అంది. అంటే తమ్ముడు ఉన్నట్టే.

పై వారం అదే ఇంజనీరు కుర్రాడు వచ్చాడు. ఈసారి సంచిలో ఒక చిన్న గాజుపట్టీ తెచ్చాడు. పగులుకు అడ్డంగా పెట్టి, రెండు చివరలా సిమెంటు అతికించి, పక్కన తేదీ రాశాడు.

"గోడ కదిలితే గాజు పగులుతుంది," అన్నాడు. "వారం రోజులు చూస్తాను. పగిలితే, ఇది పేలుళ్ళ దెబ్బేనని రాస్తా. నిధిలోంచి కొత్త గోడ వస్తుంది, కలపడం ఆగుతుంది. పగలకపోతే ఇది పాత పగులు. నేనింకేమీ చెయ్యలేను."

అలా ఆ వారం, సొంత బడి గోడ ఇంకాస్త పగలాలని ఊరు ఊరంతా మొక్కుకుంది. నేను చామరాజపేట ఖాళీ చేసి అక్క ఇంట్లోనే మకాం పెట్టాను. రోజూ మధ్యాహ్నం క్వారీలో మూడు ఈలలు వేస్తారు. టీచరమ్మ పిల్లల్ని బయటికి తోలి తలలు లెక్కపెడుతుంది. తర్వాత పేలుడు. తర్వాత మేమందరం లోపలికి పరిగెత్తి గాజు ముందు నిలబడతాం.

మొదటి రోజు పగల్లేదు. రెండో రోజూ అంతే. గాజుపట్టీ మాట క్వారీవాళ్ళకు చేరినట్టుంది, పేలుళ్ళు ఉన్నట్టుండి మర్యాద నేర్చుకున్నాయి. అదివరకు పేలితే అక్క పెట్టెలోని బట్టలు వాటంతట అవే మడతలు పడేవి, ఇప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తోంది.

"తెలివిమీరినారప్పా," అంది అక్క.

ఆరో రోజు సాయంత్రం బడిలో ఎవరూ లేరు. నేనొక్కణ్ణే గాజు ముందు నిలబడ్డాను. సన్నటి పట్టీ. గోటితో ఒక్క మీటు మీటితే చాలు. ముప్పయ్యొక్క మంది పిల్లలు, ఒక్క మీటు. చెయ్యి ఎప్పుడు పైకి లేచిందో నాకు తెలియదు.

"చెయ్యి తియ్యి." గుమ్మంలో అక్క.

"ముట్టుకోలేదక్కా."

"ముట్టుకున్నావంటే అది రెండో ఎనుము ఔతుంది. ఆ మేడమ్ ముందర నువ్వు నిజం చెప్పినావు గాబట్టి ఆ గాజు అక్కడ ఉండాది. నువ్వు పగలగొడితే నేనే పోయి ఇంజనీరుతో చెప్తా."

"పగలకపోతే?"

అక్క నన్ను బయటికి నెట్టింది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది.

ఏడో రోజు మధ్యాహ్నం ఇంజనీరు వచ్చాడు. ఊరంతా బడి ముందే ఉంది. రోడ్డు మీద ఆ రోజు మామూలు కన్నా రెట్టింపు లారీలు వరసగట్టి నిలబడ్డాయి, ఖాళీగా. సర్జాపుర వైపు ఎక్కడో పెద్ద స్లాబు వేస్తున్నారట, జల్లి సాయంత్రానికల్లా కావాలట. అక్క ఆ లారీలను చూసింది, నేను అక్కను చూశాను. ఇన్ని లారీలు నిండాలంటే చిన్న పేలుడు చాలదు.

మూడు ఈలలు. టీచరమ్మ లెక్కపెట్టింది. ముప్పయ్యొక్కటి.

పేలింది. ఆ రోజు గొంతు సవరించుకోలేదు. కాళ్ళ కింద నేల ఒకసారి లేచి కూర్చుంది. కిటికీ రెక్క ఊడి వరండాలో పడింది.

దుమ్ము అణగనిచ్చి ఇంజనీరు లోపలికి పోయాడు, వెనక అక్క, ఆ వెనక నేను. గాజుపట్టీ ఉన్నచోటే ఉంది. రెండు చివరలూ అతుక్కునే ఉన్నాయి. అక్క గోడకు ఆనుకోబోయి మళ్ళీ ఆగింది.

కుర్రాడు చేతిరుమాలు తీసి గాజు మీది దుమ్ము నెమ్మదిగా తుడిచాడు. నేను మెడ చాచాను.

"మీరు వద్దు సార్," అన్నాడు. "అమ్మా, మీరు చూసి చెప్పండి."

అక్క వంగింది. చాలాసేపు చూసింది. "ఉండాది," అంది. వేలు గాజుకు తగలకుండా గాల్లోనే గీత గీసి చూపించింది. మళ్ళీ అంది. "పగులుండాది నాయనా. ఈ మూల నుంచి ఆ మూలకి. వెంట్రుకంత."

అతను టార్చి వెలుగు వేసి చూశాడు, ఫోటో తీశాడు, కొలిచాడు, నిలబడే రాశాడు. రాసింది అక్కకు చదివి వినిపించాడు, ప్రతి మాటా. ఈసారి ఆవిడ మొత్తం విని, రెండుసార్లు చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టింది.

"కలపడం ఆగుతుందమ్మా. గోడకు నిధి వస్తుంది, కాస్త టైము పడుతుంది," అన్నాడు. "కాని ఈ గదిలో ఇవాళ్టి నుంచి పిల్లలు కూర్చోకూడదు."

"మరి ఆ పెద్ద పంపకం? కేంద్రమూ రాష్ట్రమూ?"

"అది నాకు పైన, మా సారుకు కూడా పైన."

అక్క కొంగు బిగించింది. నల్లబల్ల ఒక చివర తను పట్టుకుంది, రెండో చివర నాకు చూపించింది. అది నాలుగు ఎనుముల బరువుంది. టీచరమ్మ ముందు నడిచింది, పిల్లలు తలొక పుస్తకాల కట్ట మోసుకుంటూ వెనక వచ్చారు. మేం పోతున్న పంచాయతీ ఆఫీసు రోడ్డుకు ఇవతలే ఉంది.